కదలని అంకె

ఆఫీసు, కిటికీ పక్క బల్ల

వదినకి,

కవరు మీద నా రాత చూసి ఎవరికేమయిందో అని కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికి ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తుతాడు. ఎత్తినవాడు నీకివ్వడు. ఇచ్చినా పక్కనే నిలబడి "ఏమంటోంది, ఏమంటోంది" అని నీ చెవి కొరికేస్తాడు. పోనీ పగలు చేద్దామంటే ఆస్పత్రి మందుల కౌంటర్లో మీ ఫోన్లు తీసేసుకుని సొరుగులో పడేస్తారాయె. వదినా ఆడపడుచులూ మనసు విప్పి మాట్లాడుకోవాలంటే ఈ రోజుల్లో కూడా పోస్టు డబ్బానే గతి అయింది. నవ్వుకుంటే నవ్వుకో.

సంగతేమిటంటే, నేను గెలిచాను. మీ ఆస్పత్రితో సహా మా కంపెనీ చూసే ఆస్పత్రులన్నిటి రికార్డులూ క్లౌడ్‌లోకి ఎక్కించేశాం. ఏడాది పని. ఈ ఏడాదంతా నేను మనిషిలా తినలేదు, మనిషిలా పడుకోలేదు. అన్నయ్యకి క్లౌడ్ గురించి చెబితే "వానొస్తే తడిసిపోవూ?" అన్నాడు. నీకు సరిగ్గా చెబుతాను, నువ్వు వాడికి చెప్పు. ఎక్కడో పెద్ద పెద్ద గోదాముల్లో వేరేవాళ్ళ యంత్రాలుంటాయి. వాటిలో మన రికార్డులు పెట్టుకుని, మా బల్లల దగ్గర కూర్చునే వాటి బాగోగులు చూస్తాం. పేషెంట్ల పేర్లు ఒక టేబుల్లో, అంటే పట్టికలో ఉంటాయి, ఎవరు ఏ రోజు వచ్చారో మరో టేబుల్లో, రక్త పరీక్షల ఫలితాలు ఇంకో టేబుల్లో. నువ్వు స్క్రీన్ మీద ఒక పేరు నొక్కగానే ఆ టేబుళ్ళన్నీ కలిపి ఒక్క పేజీగా నీ ముందు పెడతాం.

ఈ పట్టికలన్నీ ఉండే డేటాబేసు ఒకటి కాదు, రెండు. అసలు ఒకటి, నకలు ఒకటి. కొత్తగా రాసేదంతా అసలులోకి వెళుతుంది. మీరు చదివేదంతా నకలు నుంచి వస్తుంది. అసలులో ఏది మారినా రెప్పపాటులో నకలులోకి వచ్చేస్తుంది. ఇన్ని ఆస్పత్రుల వాళ్ళు ఒక్కసారి మీద పడితే అసలుకి ఊపిరాడదు కాబట్టి ఈ ఏర్పాటు. నకలు వెనకబడితే మోగడానికి ఒక అలారం కూడా పెట్టాం. అదేమో క్షణం ఆలస్యమైనా మోగి మా ప్రాణాలు తోడేసింది. చివరికి మా మేనేజరు "నిదానం, నిదానం" అంటూ దాని నోరు మూయించారు. ఆ మాట రోజుకి వందసార్లు అంటారని ఆయనకి మేం పెట్టిన పేరే నిదానం గారు. హడావిడి సద్దుమణిగాక మళ్ళీ పెట్టుకుందాం అన్నారు.

నిన్నేమో ల్యాబుల వాళ్ళు, రక్తం ఏ మిషన్ మీద పరీక్షించారో కూడా రాసుకుంటామన్నారు. పరీక్షల టేబుల్లో ఒక కాలమ్ చేర్చాం. ముందు రిహార్సల్ డేటాబేసులో చేసి చూశాం, చక్కగా ఒప్పుకుంది. తర్వాత అసలులో పెట్టేశాం. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఇదివరకు ఇలాంటి పనికి ఆదివారాలు ఆహుతయ్యేవి.

అన్నయ్య గొంతు ఫోన్లో నీరసంగా ఉంది. జలుబన్నాడు. నిజమేనా? వాడి మాట నేను నమ్మను, నువ్వు చెబితే నమ్ముతాను.

నీ ఆడపడుచు,
పిచ్చుక


మందుల కౌంటరు, భోజనాల వేళ

పిచ్చుకా,

జలుబే. మీ అన్నయ్యకి జలుబు చేస్తే ఇల్లంతా మంచమెక్కాలి కదా, నీకు తెలియనిదేముంది. ఆయన సంగతి నాకొదిలెయ్యి, నువ్వు వేళకి తిను.

నీ కొత్త స్క్రీన్లు వచ్చాయి. మా కౌంటర్లో పెద్దావిడ వాటిని చూసి ముందు మొహం చిట్లించింది గానీ ఇప్పుడు వదిలిపెట్టడం లేదు. ఇదివరకు ల్యాబు కాగితాలు వ్యాను పెట్టెలో వచ్చేవి, సగం చిరిగిపోయి, మిగతా సగం వేరేవాళ్ళవి. మాకు ఇక్కడ ల్యాబు లేదుగా, రక్తం సీసాలు వేరే ఊరికి పోవాలి. ఇప్పుడు ఆ కాగితాలే మానేశారు. సీసా వెళుతుంది, అంకె స్క్రీన్ మీదకి వస్తుంది, డాక్టరు మందు రాస్తాడు, నేనిస్తాను. నువ్వు తిండి మానేసి చేసిన పనికి ఫలితముంది. ఇది నిన్ను మెచ్చుకోవడమే, మళ్ళీ మళ్ళీ అడగకు.

ఒక్క సందేహం. ఇక్కడో పేషెంటు ఉన్నారు. ఈ మధ్యే వేరేచోట గుండెలో కవాటం మార్చారు, తర్వాతి వైద్యమంతా మా దగ్గరే. మంచి మనిషే గానీ ఒట్టి మొండి. అలాంటివాళ్ళకి రక్తం పలచబడే మాత్ర ఇస్తాం. డోసు తగ్గితే కవాటం దగ్గర రక్తం గడ్డకడుతుంది. ఎక్కువైతే ఎక్కడో ఒకచోట లోపల కారడం మొదలవుతుంది. కత్తి అంచు మీద నడకే అది. అందుకని వారం వారం రక్తం పరీక్షించి, వచ్చిన అంకెని బట్టి మాత్ర పెంచడమో తగ్గించడమో చేస్తారు. మూడు దగ్గరుండాలి. ఈయనకి ఒకటిన్నర వచ్చింది. డాక్టరు డోసు పెంచాడు. తర్వాత వారం చూస్తే మళ్ళీ ఒకటిన్నరే. మళ్ళీ పెంచాడు. ఇవాళ కూడా ఒకటిన్నరే. పక్కన తేదీ మాత్రం ఇవాళ్టిదే ఉంది.

ఇన్నేళ్ళుగా ఈ మాత్ర ఇస్తున్నాను. అంకె ఇలా గుంజకి కట్టేసినట్టు ఒకేచోట నిలబడటం నేను చూడలేదు. మీ వైపు నుంచి ఏమైనా ఉందేమో ఒకసారి చూసి రాయి.

మీ వదిన


ఆఫీసు, అదే బల్ల

వదినా,

మెచ్చుకున్నావు! ఆ ఉత్తరం ఫ్రేము కట్టించుకుంటాను.

నీ పేషెంటు పేజీ తెరిచి చూడటం నాకు కుదరదు. మాకు పేర్లు కనిపించకుండా తెర కడతారు, మా ముందు అంతా నంబర్లే. అయినా నువ్వడిగావని పనిగట్టుకుని నకలుని చూశాను. దాని ఆరోగ్యం చూడటానికి మాకో పద్ధతుంది. నిమిష నిమిషానికీ "బతికే ఉన్నావా?" అని అడుగుతాం. "ఉన్నాను" అంటుంది. ఆ జవాబు పచ్చదీపంగా వెలుగుతుంది. నేను చూసినప్పుడు దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. మీ ఆస్పత్రిలో ఆ ఉదయం ఎవరెవరు వచ్చారో కూడా లెక్క సరిగ్గా చూపిస్తోంది. వెనకబడిందయితే ఆ లెక్క తప్పాలి కదా.

మొండి మనిషన్నావు. మాత్రలు మింగకుండా దిండు కింద దాస్తున్నాడేమో చూడు. మన ఇంట్లో ఉన్నారుగా అలాంటివాళ్ళు ఒకరు! స్క్రీన్ మీద ఉన్నది నమ్ము. రక్తం సంగతి నీది, అంకె సంగతి నాది.

వచ్చే నెల మా దగ్గరికి కొత్త ఆస్పత్రుల గుంపు ఒకటి వస్తోంది. వాళ్ళు మాతో చేరితే మా విభాగం రెండింతలవుతుంది, నన్ను దానికి పెద్దని చేస్తారట. నిదానం గారు గదికి సున్నం వేయిస్తున్నారు, కుర్చీలు మార్పిస్తున్నారు, పెళ్ళి చూపుల హడావిడిలా ఉంది. అది అయిపోగానే ఓ వారం వచ్చి మీ ఇంట్లో పడతాను. నువ్వు వండు, అన్నయ్య వాగుతాడు, నేను నిద్రపోతాను.

పిచ్చుక


మందుల కౌంటరు

పిచ్చుకా,

దిండు కింద చూశారు. పరుపు కింద కూడా చూశారు. మాత్రలు మింగుతున్నారు. ఎందుకు నమ్మకంగా చెబుతున్నానంటే ఇచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేవాళ్ళున్నారు.

అంకె ఇంకా అక్కడే ఉంది. డాక్టరు మళ్ళీ పెంచాడు. ఇప్పుడు నేనిస్తున్న డోసు ఇన్నేళ్ళలో ఎవరికీ ఇవ్వలేదు. ఆయనకి పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది. మోచేతి దగ్గర తగలకుండానే కమిలింది. మొదట రూపాయంత ఉన్న మచ్చ ఇప్పుడు అరచేయంత అయింది. డాక్టరుకి చూపించాను. అతను చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. కానీ మచ్చని ఒక చూపు చూసి, స్క్రీన్ వంక చాలాసేపు చూశాడు. "రక్తం ఇంకా చిక్కగానే ఉందండీ, కొందరి ఒంటి తత్వం అంతే, ఇప్పుడు తగ్గిస్తే గడ్డకట్టి ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు. అంకె అలా ఉండగా తగ్గించమని నేను మాత్రం ఏ మొహంతో అడగను?

మిగతావాళ్ళ అంకెలు కూడా చూద్దామనుకున్నాను. ఈ మాత్ర వేసుకునేవాళ్ళు మా దగ్గర ఇంకో నలుగురైదుగురున్నారు. అందరివీ తీసి చూశాను. ఒక్కరిది కూడా కదల్లేదు. కొందరికి సరైన చోట ఆగింది కాబట్టి ఎవరూ పట్టించుకోవడం లేదు.

వేళాకోళం వద్దు. సూటిగా చెప్పు. ఆ అంకె నిజమేనా?

వదిన


ఇంటి నుంచి

వదినకి,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమయింది. పని ఎక్కువగా ఉంది.

నువ్వడిగినదాని గురించి మావాళ్ళతో మాట్లాడాను. చూస్తున్నారు. ఇలాంటివి చూడటానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా నీకు అంత అనుమానంగా ఉంటే ల్యాబుకి ఒకసారి ఫోన్ చేసి ఆ అంకె వాళ్ళ నోటితో చెప్పించుకో. ఏదో జరిగిందని కాదు. ఊరికే, నీ తృప్తి కోసం. నేను ఇలా రాశానని మాత్రం అక్కడ ఎవరితోనూ అనకు. ఈ ఉత్తరం దాచనక్కర్లేదు, చించెయ్యి.

ఇక్కడ ఎండలు బాగా ముదిరాయి. ఆఫీసులో గదులన్నీ కొత్త రంగుతో మెరిసిపోతున్నాయి. ఆ వాసనకి తలనొప్పి వస్తోంది. వచ్చేవాళ్ళు ఇంకో పది రోజుల్లో వస్తారట.

అన్నయ్య ఈ ఆదివారం ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేశాడు. నా మీద కోపమా?

ఉంటాను.
పిచ్చుక


ఇంట్లో, వంటగది గట్టు మీద

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి ముందు భయపడ్డాను. అంత ముక్తసరిగా నువ్వు పుట్టి బుద్ధెరిగాక రాసి ఉండవు. అయినా నువ్వు చెప్పినట్టే వెంటనే ల్యాబుకి ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి ఓపిగ్గా పేషెంటు నంబరు అడిగి, చూసి, "ఒకటిన్నర అండీ" అంది. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ అదే చెప్పింది. పిచ్చుకా, ఆ మాటతో నా గుండెల మీద బరువు దిగిపోయింది. ఇన్నాళ్ళూ నిన్ను, ఆ స్క్రీన్‌ని, ఆ డాక్టరుని అనవసరంగా తిట్టుకున్నాను. డాక్టరు కొత్తగా పెంచి రాసిన డోసు రెండు రోజులుగా ఇవ్వకుండా ఏదో ఒక వంకతో ఆపాను. ఇవాళ పొద్దున్నుంచి ఇస్తున్నాను.

ఇప్పుడు ఇంకో సంగతి. కూర్చుని చదువు.

ఆ పేషెంటు మీ అన్నయ్యే.

నీ పని సగంలో ఉండగా ఒకరోజు మెట్లెక్కుతూ కూలబడ్డారు. కవాటం పాడయిందన్నారు. ఆపరేషన్ అయింది, బాగానే అయింది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. "దానికి తెలిస్తే ఉన్నపళంగా అన్నీ వదిలేసి వచ్చి కూర్చుంటుంది. నాకు కాలు విరిగినప్పుడు ఏం చేసిందో చూశావుగా, మొదటి ఉద్యోగం వదిలేసుకుంది. ఈ పని పూర్తవనీ, అప్పుడు చెబుదాం" అన్నారు. అమ్మా నాన్నా పోయాక నిన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని బడికి దింపినవాడు. ఆ మనిషి ఒట్టు పెడితే నేనెలా కాదనను? జలుబని నీకు అబద్ధం రాసిన రోజు నా చెయ్యి నాకే పరాయిదనిపించింది.

ఇప్పుడు నీ పని అయిపోయింది. అంకె సంగతి కూడా తేలిపోయింది. ఇక దాచడమెందుకని ఆయనకి చెప్పకుండానే రాస్తున్నాను. తిట్టేదుంటే నన్ను తిట్టు, ఆయన్ని కాదు. నీరసంగా ఉన్నారు, పొద్దుటి నుంచి తలనొప్పి అంటున్నారు. ఎండకి అయ్యుంటుంది. నీ గదికి సున్నాలు, కుర్చీలు అయ్యాక ఒకసారి వచ్చి వెళ్ళు. నిన్ను చూస్తే లేచి కూర్చుంటారు.

మీ వదిన


ఆస్పత్రి కింది అంతస్తు, బంధువులు కూర్చునే హాలు

వదినా,

ఈ కాగితం ఆయాతో పంపిస్తున్నాను. పైకి వచ్చాను. గాజు తలుపులోంచి నన్ను చూసి నువ్వు గడియ పెట్టేశావు. అంటే నేను డాక్టరుకి చెప్పిందంతా అతను నీకు చెప్పేసి ఉంటాడు. అయినా నా నోటితో నేను చెప్పాలి. నోటితో చెప్పనివ్వవు కాబట్టి రాస్తున్నాను. చదువు, తర్వాత నీ ఇష్టం.

నీ ఉత్తరం విప్పిన చోటే నిలబడి ఫోన్ చేశాను. అన్నయ్య ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆస్పత్రికి చేసి, అన్నయ్య పేరు చెప్పి మాత్ర ఆపండని అరిచాను. ఆయన్ని అప్పుడే తీసుకొచ్చారు, తలలో రక్తం కారుతోంది అన్నారు. దొరికిన బండి ఎక్కి వచ్చేశాను.

నీ చివరి ప్రశ్న ఉత్తరం, ఆ అంకె నిజమేనా అని అడిగింది, అది అందిన రోజే నాకు తెలిసింది. ఆ ఉదయం అసలు డేటాబేసు డిస్కు నిండిపోతోందని హెచ్చరిక వచ్చింది. ఎందుకు నిండుతోందా అని చూస్తే, నకలుకి పంపాల్సిన మార్పులు ఎవరూ తీసుకుపోక పేరుకుపోయి ఉన్నాయి. అన్నీ కావు, పరీక్షల టేబుల్‌వి మాత్రమే. ఆ కాలమ్ చేర్చాం చూడు, అది అసలులో చేర్చాం, నకలులో చేర్చలేదు. ముందు నకలులో చేర్చాలి. రిహార్సల్ డేటాబేసుకి నకలే లేదు వదినా, అందుకే అక్కడ అంత చక్కగా ఒప్పుకుంది. తన దగ్గర లేని కాలమ్‌తో వచ్చిన మొదటి ఫలితం దగ్గరే నకలు ఆగిపోయింది. పేర్లు, వచ్చిన తేదీలు వేరే దారిలో వస్తాయి, అవి వస్తూనే ఉన్నాయి. ఇవాళ్టి తేదీ పక్కన ఆనాటి అంకె పెట్టి మీకు చూపిస్తూ వచ్చాం. బతికే ఉన్నావా అని అడిగాం, ఉన్నానంది. నీకు ఏం తెలుసు అని అడగలేదు. అది అడగాల్సిన అలారాన్ని మేమే మూయించాం.

నిదానం గారి గదికి పరిగెత్తాను. స్క్రీన్లన్నీ ఒక పూట ఆపాలని, ఆస్పత్రులన్నిటికీ ఈ గంటలోనే చెప్పాలని, నకలుని మొదటి నుంచి కట్టుకోవాలని చెప్పాను. ఆయన కోప్పడలేదు. నీళ్ళిచ్చారు.

"ఎవరికైనా ఏమైనా అయిందా?" అన్నారు.

"తెలియదు సార్" అన్నాను.

"తెలియనప్పుడు అందరినీ గాబరా పెట్టడమెందుకమ్మా? ఆ వచ్చేవాళ్ళు వచ్చి వెళ్ళనీ. అప్పుడు నెమ్మదిగా సరిచేద్దాం. నిదానం."

నీ ఉత్తరం నా సంచీలోనే ఉంది. చిగుళ్ళలోంచి రక్తం అన్న మాట చదివాను. మచ్చ గురించి చదివాను. ఎవరికైనా ఏమైనా అయిందా అన్నప్పుడు ఆ ఉత్తరం తీసి ఆయన బల్ల మీద పెట్టి ఉండాల్సింది. పెట్టలేదు. పెద్ద పదవి గుర్తొచ్చింది, నేను సంతకం పెట్టిన కాగితాలు గుర్తొచ్చాయి. ఎవరో పేషెంటు, ఎవరి మొగుడో, వాళ్ళ డాక్టరు చూసుకుంటాడు అనుకున్నాను. ఇంటికొచ్చి నీకు ఆ ఎండల ఉత్తరం రాశాను. ల్యాబుకి ఫోన్ చెయ్యమన్నాను, చాలా ధైర్యం చేశాననుకున్నాను. ఆ ల్యాబు అమ్మాయి కూడా చూసి చెప్పేది మా నకలు నుంచే. అది నాకు తెలియాలి. ఆ స్క్రీన్ కట్టింది నేనే. నీకు కలిగిన అనుమానమే అన్నయ్యని రెండు రోజులు కాపాడింది. దాన్ని కూడా నా ఉత్తరమే తీసేసింది.

దారిలో నా ల్యాప్‌టాప్‌లోంచి అసలు డేటాబేసులోకి వెళ్ళి, ఆస్పత్రివాళ్ళని అడిగి తీసుకున్న అన్నయ్య నంబరు పెట్టి చూశాను. అంకెలన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా పోలేదు. మూడు, నాలుగున్నర, ఆరు, తొమ్మిది. వారం వారం పెరుగుతూ భద్రంగా ఉన్నాయి. చదివేవాళ్ళే లేరు.

అన్నీ ఇక్కడి డాక్టరుకి చెప్పాను. మీ దగ్గరున్న మిగతావాళ్ళ అసలు అంకెలు కూడా చదివి చెప్పాను, వాళ్ళని పిలిపిస్తున్నాడు. కానీ మిగతా ఆస్పత్రులకి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇందాకే నిదానం గారు ఫోన్ చేశారు. "మీ ఇంటి కష్టం మీరు చూసుకోండి, మిగతాది మేం చూసుకుంటాం, బయట ఒక్క మాట పొక్కినా మీ మీద కేసు పడుతుంది, నేను ఆపలేను" అన్నారు. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. స్క్రీన్లు ఇంకా తెరిచే ఉన్నాయి.

నాకు ఏమీ తోచడం లేదు. ముందు అన్నయ్యని ఒక్కసారి చూడనీ వదినా. దూరం నుంచే చూస్తాను. చూశాక నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను. జైలుకి పొమ్మన్నా పోతాను.

పిచ్చుక


పై అంతస్తు, గాజు తలుపు లోపల

పిచ్చుకా,

నీ కాగితం వెనకే రాస్తున్నాను. ఇక్కడ వేరే కాగితం లేదు.

చదివాను. నిన్ను తిట్టడానికి నాకు ఓపిక లేదు. ప్రతి మాత్రా నా చేత్తో ఇచ్చాను. ఆయన వద్దంటే బతిమాలి ఇచ్చాను. నేను ఆయన పేరు దాచకపోయినా, నువ్వు ఆ అంకె సంగతి దాచకపోయినా, ఇద్దరిలో ఒక్కరు నోరు విప్పినా ఈపాటికి ఇంట్లో కూర్చుని మనిద్దరినీ ఆటపట్టిస్తూ ఉండేవారు. ఎవరి వంతు ఎంతో తర్వాత పంచుకుందాం. దానికి బోలెడు కాలముంది.

తల తెరవలేమన్నారు. రక్తం గడ్డకట్టే గుణం తిరిగి వస్తేనే ఏదైనా చెయ్యగలమట. మందులు ఎక్కిస్తున్నారు. సాయంత్రం దాటితే చూద్దామన్నారు. దాటుతుందని ఎవరూ చెప్పడం లేదు, నేనూ అడగడం లేదు.

ఏం చెయ్యమంటే అది చేస్తానన్నావు. అయితే పైకి రాకు. నువ్వు ఇక్కడ నిలబడి ఏడిస్తే ఆయన తలలో ఒక్క చుక్క కూడా ఆగదు. నీ దగ్గర ఫోను ఉంది, అసలు అంకెలు చదివే దారి ఉంది. అది మూసేసేలోపు మొదలుపెట్టు. ఒక్కో ఆస్పత్రికీ చెయ్యి. మందుల కౌంటరుకే ఇమ్మని అడుగు, పెద్దవాళ్ళ గదులకి ఇమ్మని అడగకు. నాలాంటిది ఎవరో ఒకతి ఎత్తుతుంది. అంకె కదలడం లేదని ఆమెకి ఇప్పటికే తెలిసి ఉంటుంది. అనుమానం నిజమేనని చెప్పేవాళ్ళ కోసం చూస్తూ ఉంటుంది. నాకు చెప్పనిది ఆమెకి చెప్పు. కేసు పడితే పడనీ.

ఇందాక ఒకసారి కళ్ళు తెరిచారు. మాట సరిగా రావడం లేదు, అయినా నీ పేరు తెలిసింది. పిచ్చుక వచ్చిందా అని అడిగారు. వచ్చింది, కింద పని మీద ఉంది, చాలామంది ప్రాణాలు కాపాడే పని, అది అయ్యాకే పైకి వస్తుందని చెప్పాను. నవ్వబోయారు. తొందరపెట్టొద్దన్నారు.

ఆయనకి నేను చెప్పిన ఆ మాట అబద్ధం చెయ్యకు.

వదిన